పిల్లల్ని పియానో ముందు ఎప్పుడు కూర్చోబెట్టాలి?

జూన్ రెండో వారం వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. బడులు తెరిచే రోజులు కదా, కొత్త పుస్తకాల సంచీ, కొత్త బూట్లతో పాటు ఏదో ఒక విద్య కూడా మొదలుపెట్టించాలని ఇళ్ళలో అనుకుంటారు. "టీచర్ గారూ, మా పాపకు నాలుగు నిండాయి, పియానోలో చేర్చుకుంటారా?" ప్రశ్న ఎప్పుడూ ఇదే, వయసు మాత్రం మారుతుంది. మూడున్నర అనేవాళ్ళు ఉన్నారు, పదకొండు అనేవాళ్ళూ ఉన్నారు. చిన్న వయసు చెప్పేవాళ్ళ గొంతులో తొందర ఉంటుంది. పెద్ద వయసు చెప్పేవాళ్ళ గొంతులో, ఆలస్యం చేసేశామేమోనన్న భయం ఉంటుంది.

విశాఖపట్నంలో మా ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పుతూ 23 ఏళ్ళు గడిచాయి. ముందు గదిలో గోడకు కాస్త ఎడంగా ఒక నిలువు పియానో ఉంది. సముద్రపు గాలికి దాని తీగలు తుప్పు పట్టకుండా, లోపలి ఫెల్టును చిమటలు కొట్టకుండా చూసుకోవడమే నాకొక పని. దాని ముందు కూర్చున్న పిల్లల్ని గమనించి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఫోనులో రెండు నిమిషాల్లో చెప్పేస్తే తల్లిదండ్రులకు నా జవాబు సగమే అందుతోంది.

ఆలస్యంగా మొదలుపెట్టినందువల్ల నష్టపోయిన పిల్లలు నా దగ్గర ఒక్కరూ లేరు. సిద్ధం కాకముందే మొదలుపెట్టి నష్టపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక బాబు నాకు ఇప్పటికీ గుర్తొస్తాడు. నాలుగేళ్ళకే వంద వరకు అంకెలు తిరగేసి చెప్పేవాడు. వాళ్ళ తాతగారు పట్టుబట్టి తీసుకొచ్చారు. ఆ చురుకుదనం చూసి నేనూ సరేనన్నాను. వాడి తెలివి ముందుకు పరిగెడుతుంటే వేళ్ళు వెనకబడేవి. ఏ మెట్టు (పియానో కీ) నొక్కాలో వాడికి తెలుసు, నొక్కితే వేలి చివరి కణుపు లోపలికి మడత పడిపోయేది. తప్పు పోయిన ప్రతిసారీ రెండు చేతులూ తొడల కింద దాచుకునేవాడు. మూడో వారంలోనే ఆపించాల్సింది, ఎనిమిది నెలలు సాగనిచ్చాను. తర్వాత మూడేళ్ళకు ఒక పెళ్ళిలో కనిపించాడు. వేదిక పక్కన కీబోర్డు ఉంటే, "వెళ్ళి వాయించరా" అన్నారు తాతగారు. "నాకు పియానో రాదు తాతయ్యా" అన్నాడు. అప్పుడు వాడికి ఏడున్నరేళ్ళు, మొదలుపెట్టడానికి అన్నివిధాలా సరైన వయసు. మళ్ళీ రమ్మని ఎంత పిలిచినా రాలేదు.

అందుకే, వయసు అడిగినవాళ్ళకు నేను ముందు కొన్ని పనులు చెబుతాను. వీటికి సంగీతం తెలియనక్కర్లేదు, పియానో కూడా అక్కర్లేదు. ఒక వారం రోజుల్లో ఇంట్లోనే చూసుకోవచ్చు.

పలక, బలపం

మా ఇంటికి మొదటిసారి వచ్చిన పిల్లల్ని నేను పియానో దగ్గరికి తీసుకెళ్ళను. ఒక పలక, ఒక బలపం చేతికి ఇస్తాను. నా పలక మీద వరసకు నాలుగు చొప్పున నాలుగు వరసల చుక్కలు పెట్టి, వాటి చుట్టూ చిన్న మెలికల ముగ్గు వేస్తాను. "నీ పలక మీద ఇలాగే వెయ్యి" అని చెప్పి పక్కన కూర్చుంటాను. ముగ్గు బాగా వచ్చిందా లేదా అన్నది నేను చూడను. మెలిక తప్పినప్పుడు ఆ బిడ్డ ఏం చేస్తుందో చూస్తాను.

కొందరు తప్పగానే అమ్మ వైపు చూస్తారు. కొందరు పలక పక్కన పెట్టి గుండ్రంగా తిరిగే కుర్చీని తిప్పడం మొదలుపెడతారు. కొందరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఇవేవీ లోపాలు కావు, ఆ వయసుకు సహజమే. గాజువాక నుంచి వచ్చిన ఒక పాప మొదటిసారి ఇలాగే చేసింది. ఐదేళ్ళు నిండి రెండు నెలలు. ముగ్గు సగంలో వదిలేసి పియానో కిందికి దూరి, కాలి పెడళ్ళను చేత్తో నొక్కుతూ కూర్చుంది. వచ్చే ఏడు తీసుకురమ్మన్నాను. వాళ్ళమ్మ మనసు కష్టపెట్టుకుంది, కానీ తీసుకొచ్చింది. రెండోసారి అదే ముగ్గు ఇచ్చాను. మూడో వరసలో మెలిక తప్పింది. పాప ఆగింది. మణికట్టుతో ఆ ఒక్క ముక్కే తుడిచింది. బలపం కొసను నా పలక మీది చుక్కల మీద ఒక్కొక్కటిగా ఆనించి లెక్కపెట్టుకుంది. తిరిగి తన పలక మీదికి వచ్చి వేసింది. మళ్ళీ తప్పింది. మళ్ళీ తుడిచింది. నేను వాళ్ళమ్మ వైపు తిరిగి, సోమవారం నుంచి పంపించమని చెప్పాను.

పియానో సాధన అంటే రోజూ జరిగేది ఇదే. తప్పిన చోటును గుర్తుపట్టాలి, ఆ ముక్కనే తుడవాలి, మళ్ళీ వేయాలి. ఇది రాని బిడ్డకు ఎంత మంచి గురువు దొరికినా ఇంటి దగ్గర సాధన సాగదు. మీరు ముగ్గే ఇవ్వాలని లేదు. బొమ్మ ముక్కలు జతపరిచే ఆట కావచ్చు, కాగితపు పడవ కావచ్చు. కొంచెం కష్టంగా ఉండాలి, పక్కన ఫోను ఉండకూడదు. ఆ పనితో పది నిమిషాలు గడపగలిగితే చాలు. "మా వాడు గంటసేపు కదలకుండా కార్టూన్లు చూస్తాడండీ" అని చాలామంది చెబుతారు. అది నిలకడ కింద లెక్కలోకి రాదు. తెర దానంతట అదే కదులుతుంటే పిల్లవాడు చేసేది ఏమీ ఉండదు.

వేళ్ళు

ఒక తెల్ల కాగితం మీద పక్కపక్కనే ఐదు నిలువు గడులు గీయండి. ఒక్కొక్క గడి వెడల్పు దాదాపు 2.4 సెంటీమీటర్లు, అంటే ఐదూ కలిపి 12. పియానో మీది తెల్ల మెట్ల వెడల్పు ఇంచుమించు ఇంతే. బొటనవేలి నుంచి చిటికెనవేలి వరకు గడికి ఒక వేలు చొప్పున పెట్టమనండి. చెయ్యి బిగుసుకోకుండా, వేళ్ళు చీల్చినట్టు చాపకుండా ఐదూ ఐదు గడుల్లో పడితే చేతి పరిమాణం సరిపోయినట్టే. మొదటి ఏడాది పాఠాల్లో చెయ్యి ఎక్కువగా ఈ ఐదు మెట్ల మీదే ఉంటుంది. ఎనిమిది మెట్లు అందుకోవాలేమో, పాప చెయ్యి చిన్నదేమోనని భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ అవసరం ఇంకా చాలా దూరంలో ఉంది.

తర్వాత అరచేతిలో ఒక నిమ్మకాయ పెట్టి పట్టుకోమనండి. ఆ గుండ్రని ఆకారం చెదరకుండా నిమ్మకాయ తీసేసి, చేతిని బల్ల మీద బోర్లించమనండి. ఇప్పుడు ఒక్కొక్క వేలినే ఎత్తి బల్ల మీద కొట్టమనండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు విడివిడిగా లేస్తే చాలు. ఉంగరపు వేలికి పక్క వేళ్ళతో ముడి ఉంటుంది, అది ఒంటరిగా లేవడం పెద్దలకూ కష్టమే, కాబట్టి దాన్ని పట్టించుకోవద్దు. చివరి కణుపును మాత్రం జాగ్రత్తగా చూడండి. ప్రతి దెబ్బకూ అది వెనక్కి విరుచుకుపోతుంటే ఇంకా ఆరు నెలలు ఆగండి. ఈలోగా చపాతీ పిండి ఉండలు చేయించండి, బఠాణీలు ఒలిపించండి, చొక్కా గుండీలు తనే పెట్టుకోనివ్వండి. ఇవన్నీ వేళ్ళకు బలాన్నిచ్చే పనులే.

పియానో పాఠాల్లో వేళ్ళకు అంకెలు ఉంటాయి. రెండు చేతులకూ బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. "ఎడమ చేతి రెండు" అంటే ఆ వేలు లేపగలగాలి. కుడి ఎడమలు ఇంకా తడబడుతుంటే కుడి చేతికి ఒక దారం కట్టి వారం రోజులు ఆట ఆడించండి. సాధారణంగా అంతకంటే ఎక్కువ పట్టదు.

చెవి, లయ

లయ చూడటం తేలిక. మీరు చప్పట్లతో "తకధిమి" అని నాలుగు కొట్టండి, పిల్లవాడిని తిరిగి కొట్టమనండి. తర్వాత "తకిట" అని మూడు. ఆపైన "తక... ధిమి" అని నడుమ కాస్త విరామం ఇవ్వండి. ఆ విరామాన్ని కూడా తిరిగి ఇచ్చాడంటే వింటున్నాడని అర్థం. విరామం మింగేసి గబగబా కొట్టేస్తే వినడం కంటే కొట్టడం మీదే ఇష్టం ఉందన్నమాట. ఆడుతూ ఉంటే కొన్ని నెలల్లో కుదురుకుంటుంది.

స్వరం విషయంలో పిల్లలకు ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. మనం "పై స్వరం, కింది స్వరం" అంటాం. పియానో మీద పైనా లేదు, కిందా లేదు. స్వరం పెరగాలంటే కుడివైపుకు జరగాలి. "పైకి వెళ్ళు" అంటే పిల్లలు చెయ్యి గాల్లోకి ఎత్తుతారు, అది వాళ్ళ తప్పు కాదు. నేను ఆ మాటలు మొదట్లో వాడను. కుడి చివర చిలుక ఉంది, ఎడమ చివర ఏనుగు ఉంది అంటాను. మీరు ఇంట్లో గొంతుతోనే చేయండి. సన్నగా ఒక కూత, బొంగురుగా ఒక కూత వినిపించి ఏది చిలుక, ఏది ఏనుగు అని అడగండి. తర్వాత రెంటికీ తేడా తగ్గించుకుంటూ రండి. తేడా చిన్నదైనా పట్టుకోగలిగితే ఆ చెవి పాఠానికి సిద్ధంగా ఉంది. బడిలో నేర్చుకున్న ఏదో ఒక పాటను మొదటి నుంచి చివరి వరకు, రాగం మరీ జారిపోకుండా పాడగలిగితే ఇంకా మంచిది. గొంతు శ్రుతిలో లేదని పియానో మానిపించనక్కర్లేదు. వినికిడి బాగుండి గొంతు కుదరని పిల్లలు చాలామంది ఉంటారు.

అక్షరాలు

స్వరలిపి చదవడానికి కథల పుస్తకం చదివేంత చదువు అక్కర్లేదు. కానీ పాశ్చాత్య పద్ధతిలో స్వరాల పేర్లు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి అని ఏడక్షరాలు, ఆపైన మళ్ళీ ఎ. చాలామంది పిల్లలు వీటిని పాటలా ముందుకు పాడేస్తారు. "ఇ కి ముందు ఏది?" అంటే ఆగిపోతారు. ఏడక్షరాలను వెనక్కి చెప్పగలిగితే మెట్ల మీద ఎడమకు నడవడం కూడా వచ్చినట్టే. మెట్లపై ఎప్పుడూ రెండు వైపులా నడవాలి.

నా అనుభవంలో తెలుగు గుణింతాలు వచ్చిన పిల్లలు స్వరలిపిని త్వరగా అందుకుంటారు. చిన్న గుర్తు ఒకటి చేరితే పలికే తీరు మారిపోతుందన్న సంగతి వాళ్ళకు అప్పటికే తెలుసు. "క" కీ "కా" కీ తేడా తెలిసిన బిడ్డకు, ఒక లెక్క నిలిచే స్వరానికీ రెండు లెక్కలు నిలిచే స్వరానికీ తేడా ఒక్క నిమిషంలో చెప్పవచ్చు. హ్రస్వం, దీర్ఘం అంటాను, అంతే. అందుకే గుణింతాలు పూర్తయ్యేవరకు ఆగమని చెబుతుంటాను. చాలా ఇళ్ళలో అది ఆరేళ్ళకు అటూ ఇటూ జరుగుతుంది.

ఇష్టం ఉందని ఎలా తెలుస్తుంది

"నేర్చుకుంటావా?" అని అడిగితే పిల్లలు "ఊఁ" అంటారు. ఈత అన్నా, కరాటే అన్నా, చదరంగం అన్నా అదే "ఊఁ". కాబట్టి అడగడం వల్ల ఏమీ తెలియదు. తెలిసినవాళ్ళ ఇంట్లో మూలన పడిన కీబోర్డు ఏదైనా ఉంటే రెండు వారాలు తెచ్చుకుని హాల్లో పెట్టండి. ఏమీ నేర్పవద్దు, వాయించమని అడగవద్దు, వాయిస్తే పొగడవద్దు. మొదటి రెండు రోజులు అందరు పిల్లలూ దాని మీద పడతారు. దానంతటదే పాట మోగే డెమో బటన్ నొక్కి గంతులేస్తారు. ఐదో రోజు నుంచి గమనించండి. ఆ బటన్ వదిలేసి, ఒక వేలితో తనకు తెలిసిన పాట ముక్క కోసం వెతుక్కుంటున్నాడా? దొరకనప్పుడు పక్క మెట్టు నొక్కి చూస్తున్నాడా? అలా వెతికే పిల్లలు ఇంకా ఐదేళ్ళవాళ్ళే అయినా నేను తీసుకుంటాను.

నల్ల మెట్ల అమరిక కనిపెట్టే పిల్లలు కూడా ఉంటారు. పియానో మీద మొత్తం 88 మెట్లు, అందులో నల్లవి 36. అవి రెండు, మూడు, రెండు, మూడు అంటూ గుంపులుగా నడుస్తాయి. రెండేసి ఉన్న గుంపులు ఎన్ని ఉన్నాయో కనుక్కోమంటే ఇష్టమున్న బిడ్డ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి "ఏడు" అని చెబుతుంది. ఆ రెండింటికీ ఎడమవైపున ఆనుకుని ఉన్న తెల్ల మెట్టే సి అని చెబితే, ఏడు సి లూ తనే చూపించి, కుడి చివర ఒంటరిగా మిగిలిన ఎనిమిదోదాన్ని కూడా పట్టుకుంటుంది.

ఇంట్లో అక్కో అన్నో నేర్చుకుంటుంటే చిన్నపిల్లలు త్వరగా సిద్ధమవుతారు. పసితనంలోనే వాయించిన పాశ్చాత్య సంగీతకర్త మొజార్ట్ కథ అందరూ చెబుతారు, అందులో అక్కను మాత్రం వదిలేస్తారు. తండ్రి లియోపోల్డ్ 1759లో వాయిద్య పాఠాల పుస్తకం తయారుచేసింది పెద్దపిల్ల నానెర్ల్ కోసం. అప్పటికి ఆమెకు దాదాపు ఎనిమిదేళ్ళ వయసు. తమ్ముడు పక్కనే ఉండి వింటూ పెరిగాడు. 1761 జనవరిలో, ఐదో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, ఆ పుస్తకంలోని పాఠాలనే నేర్చుకున్నాడని తండ్రి అందులో రాసుకున్నాడు. నాలుగేళ్ళకే మొదలుపెట్టాలనడానికి మొజార్ట్‌ను సాక్ష్యంగా తెచ్చేవారికి నేను ఈ అక్క సంగతి చెబుతాను. మీ ఇంట్లో రోజూ సంగీతం మోగుతూ, వాయించే మనిషి కళ్ళముందు ఉంటే నాలుగేళ్ళ బిడ్డకూ దారి వేరుగా ఉంటుంది. లేకపోతే ఆరు, ఏడు దాకా ఆగడమే మేలు.

ఇల్లు సిద్ధంగా ఉందా

బిడ్డ సంగతి తేలాక ఇంటి సంగతి చూడాలి. ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. తొమ్మిదేళ్ళలోపు పిల్లలు ఒంటరిగా సాధన చేయరు. రోజూ పది, పదిహేను నిమిషాలు పక్కన కూర్చునే మనిషి కావాలి. జపాన్ వయొలిన్ గురువు షినిచి సుజుకి తన పద్ధతిలో తల్లినో తండ్రినో క్లాసులో కూర్చోబెట్టి ముందు వాళ్ళకే మొదటి పాఠాలు నేర్పమన్నాడు. చిన్న వయసులో మొదలుపెట్టదలచుకుంటే ఆ షరతుకు మీరు ఒప్పుకోవాలి. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. నా విద్యార్థిని ఒకమ్మాయికి వాళ్ళ అమ్మమ్మ తోడు కూర్చునేది. ఆవిడకు స్వరం పేరు ఒక్కటీ తెలియదు. ఒక గిన్నెలో ఐదు చింతపిక్కలు పోసుకుని, పాఠం ఒకసారి వాయించగానే ఒక పిక్కను రెండో గిన్నెలోకి మార్చేది. ఐదూ మారాక "ఇక లేమ్మా" అనేది. ఆ పిల్ల ఎప్పుడూ పాఠం అప్పజెప్పకుండా రాలేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే తల్లిదండ్రులు ఈ పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకోవాలి. తేలకపోతే బిడ్డ ఎంత సిద్ధంగా ఉన్నా ఏడాది ఆగండి.

వాయిద్యం గురించి కొంచెం చెబుతాను. అసలు పియానో కొనమని మొదటి ఏడాది నేనెవరికీ చెప్పను. అది 200 కిలోల పైచిలుకు బరువు, శ్రుతి చేయించే మనిషి కోసం వెతుక్కోవాలి. కానీ బొమ్మల దుకాణంలో అమ్మే సన్న మెట్ల కీబోర్డు మీద నేర్పడం కుదరదు, మెట్ల వెడల్పు వేరు. 61 మెట్ల కీబోర్డు అయితే మెట్లు పూర్తి వెడల్పులో ఉండాలి, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. దానితో ఆరు నెలలు గడపవచ్చు. ఆ తర్వాత మెట్లకు బరువుండే 88 మెట్ల డిజిటల్ పియానో అవసరమవుతుంది. తేలిక మెట్లకు అలవాటు పడిన వేళ్ళు నా పియానో మీదికి వచ్చేసరికి స్వరం పలకక బెంబేలెత్తిపోతాయి. ఆరు నెలల తర్వాత ఈ ఖర్చు పెట్టగలమా అని మొదలుపెట్టే ముందే లెక్క వేసుకోండి.

డబ్బు ఖర్చు లేని వస్తువు ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. కుర్చీలో కూర్చున్న పిల్లల పాదాలు గాల్లో వేలాడకూడదు. వేలాడితే నడుము జారుతుంది, భుజాలు పైకి లేస్తాయి, వేళ్ళకు బలం అందదు. మోచెయ్యి మెట్ల ఎత్తుకు వచ్చేలా కింద దిండు వేసి, కాళ్ళ కింద పీట పెట్టండి. అన్నం తినేటప్పుడు వేసుకునే మామూలు చెక్క పీటే. ఒకటి చాలకపోతే రెండు ఒకదాని మీద ఒకటి, జారకుండా మధ్యలో తడిగుడ్డ వేసి పెట్టండి.

వయసు అంకె కావాలనేవాళ్ళకు

ఇన్ని చెప్పినా చివరికి "అయితే ఎన్నేళ్ళకండీ?" అంటారు. నా దగ్గరి పిల్లల్ని బట్టి చెబుతున్నాను. నాలుగు, ఐదేళ్ళకు పాట, చప్పట్లు, గంతులు చాలు, క్లాసు అక్కర్లేదు. ఆరు, ఏడేళ్ళకు ఎక్కువ మంది సిద్ధంగా ఉంటారు. ఎనిమిది నుంచి పది మధ్య మొదలుపెట్టినవాళ్ళు అందరికంటే వేగంగా సాగుతారు. ఐదేళ్ళకు మొదలుపెట్టినవారు రెండేళ్ళలో చేసింది వీళ్ళు ఎనిమిది నెలల్లో చేయడం నేను చాలాసార్లు చూశాను. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు ఇంకో బలం ఉంది, వాళ్ళు తమంతట తాము అడిగి వస్తారు. వాళ్ళకు చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇవ్వకుండా, పెద్దవాళ్ళ పాఠాలతో మొదలుపెట్టే గురువును చూడండి.

కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లల గురించి తరచూ అడుగుతారు. సరళీ వరసలు, జంట వరసలు అనే తొలి పాఠాలు అయిన పిల్లలకు చెవి, లయ రెండూ కుదిరి ఉంటాయి, పియానోకు అది పెద్ద సాయం. కానీ స అనేది ఏ శ్రుతికైనా పెట్టుకోవచ్చు, సి మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. రెండూ ఒకటేనని చెబితే పిల్లలు తర్వాత చాలా తికమక పడతారు. రెండు విద్యలనూ ఒకే నెలలో మొదలుపెట్టవద్దు. ఒకటి ఏడాది సాగాక రెండోది మొదలుపెట్టండి.

విజయదశమి నాడే మొదలుపెట్టాలని పెద్దవాళ్ళు పట్టుబడితే కాదనవద్దు. ఆ రోజు తీసుకురండి, దేవుడికి దండం పెట్టించి, పియానో మీద ఒక్క మెట్టు నొక్కించి పంపిస్తాను. పాఠాలు ఎప్పుడన్నది ఆ తర్వాత తీరిగ్గా చూసుకుందాం. గాజువాక పాపకు ఒక దసరా నాడు మెట్టు నొక్కించాను, పాఠం మొదలైంది పై ఏడు జూన్‌లో.

మొదటి నాలుగు వారాలు

సిద్ధమనుకున్నాక కూడా ఏడాది ఫీజు ఒకేసారి కట్టవద్దు. నాలుగు వారాలు చూద్దామని గురువుతో చెప్పండి. అందుకు ఇష్టపడని గురువు దగ్గర చిన్నపిల్లల్ని చేర్చవద్దని నా సలహా. ఆరేళ్ళ బిడ్డకు వారానికి ఒక గంట కంటే అరగంట చొప్పున రెండు రోజులు మంచివి. మొదటి నెల పుస్తకం లేకుండా విని వాయించడం నేర్పుతారా, తల్లిదండ్రుల్ని క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. గ్రేడు పరీక్షలు ఎప్పుడని మాత్రం మొదటి ఏడాది అడగవద్దు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ పరీక్షలు ఇనీషియల్ (తొలి స్థాయి) నుంచి ఎనిమిదో గ్రేడు వరకు ఉన్నాయి, వాటికి వయసు నిబంధన లేదు. ఎనిమిదేళ్ళకు రాయించినా పద్నాలుగేళ్ళకు రాయించినా అదే పట్టా. పియానో నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయట కదా అనేవాళ్ళకు కూడా ఒక మాట. లెక్కల కోసమైతే లెక్కలే చెప్పించండి. పియానో ముందు కూర్చున్న బిడ్డకు మీరు సంగీతం కోసం తీసుకొచ్చారో, మార్కుల కోసం తీసుకొచ్చారో బాగానే తెలుస్తుంది.

నాలుగు వారాల్లో ఒకటి రెండు రోజులు మొరాయించడం మామూలే. నేను చూసేవి వేరే. క్లాసు రోజున కడుపు నొప్పి అని చెప్పడం. మెట్ల మీద చెయ్యి పెట్టగానే భుజాలు బిగుసుకోవడం. తప్పు పోగానే చేతులు దాచుకోవడం. ఇవి వరసగా రెండు వారాలు కనిపిస్తే ఆపేయండి. ఎలా ఆపాలన్నది కూడా ముఖ్యమే. "వీడికి ఇష్టం లేదు, మానేశాడు" అని చుట్టాల ముందు అనవద్దు. "వేళ్ళు ఇంకొంచెం పెరగాలట, వచ్చే ఎండాకాలం సెలవుల తర్వాత మళ్ళీ వెళ్దాం" అని బిడ్డతోనే చెప్పండి, కేలండర్‌లో ఆ నెల చూపించండి. నిజం కూడా అదే. కీబోర్డును అటక ఎక్కించకుండా హాల్లోనే ఉంచండి.

సోమవారం మొదటి పాఠమనుకుంటే, బడి నుంచి వచ్చిన వెంటనే తీసుకురావద్దు. ఏదైనా తినిపించి, కాసేపు ఆడుకోనిచ్చి, సాయంత్రం ఐదున్నరకో ఆరింటికో తీసుకురండి. ఆదివారమే గోళ్ళు కత్తిరించండి. గోళ్ళు పెరిగి ఉంటే వేలు గుండ్రంగా వంగదు, మెట్టు మీద టకటకమని చప్పుడవుతుంది. పీట మా ఇంట్లో ఉంది.